తుపాకీ తన్నుకి ఒక ఖాళీ గడి

తుపాకీ వెనక్కి తంతుంది. ఈ సంగతి తుపాకీ ముట్టని వాళ్లకి కూడా తెలుసు. కానీ ఆ తన్నుని మనిషి ఎట్లా కాచుకోవాలో మాత్రం, ఇరవై రెండేళ్లు తుపాకీ భుజాన వేసుకుని తిరిగిన నాకు, ఉద్యోగం ఇంక రెండేళ్లలో అయిపోతుందనగా తెలిసింది. అది కూడా బండ మీద ఆడే ఒక ఆట వల్ల, ఒక ఆడపిల్ల వల్ల.

నేను అయిదో తరగతి వరకే చదివాను. రిజిస్టర్లో పేరు, టైము రాయడం తప్ప ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. అయినా ఈ మధ్య మా ఊళ్లో సెక్యూరిటీ పనికి పోతున్న పిల్లలు నన్ను పట్టుకుని, “గన్‌మ్యాన్ పని ఎట్లుంటాదప్పా?” అని అడుగుతున్నారు. వాళ్ల కోసం రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మాది కర్నూలు జిల్లా, ఆదోని వైపు పల్లె. నేను పని చేసింది మాత్రం కడప వైపు, ఒక సున్నపురాయి గనిలో. గనిలో రాయి పేల్చే మందు దాచడానికి ఊరికి దూరంగా ఒక గోదాము ఉంటుంది. దాన్ని మ్యాగజైన్ అంటారు. చుట్టూ ముళ్లకంచె, కంచె బయట కాపలా గది. దానికి తుపాకీతో మనిషి ఉండాలని రూలు. ఆ మనిషిని నేను. నా దగ్గరుండేది రెండు గొట్టాల తుపాకీ. ఒక్కో తూటాలో చిన్న చిన్న సీసపు గుండ్లు ఉంటాయి. పేలిస్తే విత్తనాలు చల్లినట్టు పోతాయి.

ఇరవై రెండేళ్లలో ఒక్క దొంగ కూడా రాలేదు. మేకలు రెండుసార్లు వచ్చాయి.

కాల్చడం ఏడాదికి ఒక్కసారే. పని ఆగిపోయిన పాత గని గుంట ఒకటి ఉంది. అక్కడ మట్టి గుట్ట ముందు అట్ట నిలబెట్టి, అనుమతి తీసుకుని, మా చేత అయిదు తూటాలు కాల్పించేవాళ్లు. అట్ట మీద చిల్లులు కనపడితే పాస్. ప్రతి ఏడాదీ నేను పాస్. మనసులో కొంచెం గర్వం కూడా ఉండేది.

నాకు జోడీ గార్డు ఒకాయన ఉండేవాడు. ప్రొద్దుటూరు మనిషి. చెయ్యి ఊరుకున్నా నోరు ఊరుకునేది కాదు. ఎండాకాలం కాపలా గదిలో కూర్చుని ఇద్దరం పులిజూదం ఆడేవాళ్లం. మా బల్ల అంటే రెండు రాళ్ల మీద వేసిన నల్ల నాపబండ. దాని మీద సుద్దముక్కతో గీతలు గీసేవాళ్లం. ఏళ్ల తరబడి అదే ఆట. ఒకరోజు ఆయన రాళ్లు విసిరేసి లేచాడు.

“ఏమప్పా, ఈ పులి దూకేది, మేక సచ్చేది ఎన్ని దినాలు? మన సేతిలో తుపాకి పెట్టుకోని పులి మాదిరి దూకల్లనా?”

ఆ మాట నా తలలో పట్టుకుంది. వారం రోజులు ఆలోచించి కొత్త ఆట తయారు చేశాను. అడ్డం ఎనిమిది గడులు, నిలువు ఎనిమిది గడులు. ఒకరికి నాలుగు నల్లరాళ్లు, ఇంకొకరికి నాలుగు తెల్లరాళ్లు. మన వంతు వస్తే రాయిని ఒక గడి జరపొచ్చు, లేదా కాల్చొచ్చు. కాల్చాలంటే నాలుగు గవ్వలు వెయ్యాలి. ఎన్ని గవ్వలు వెల్లకిలా పడితే అన్ని గడుల దూరం తూటా పోతుంది. అంతలో ఎదుటి రాయి ఉంటే చచ్చినట్టు.

రెండు ఆటలు ఆడాక మా జోడీ పెదవి విరిచాడు.

“కాల్చినంక ఉండేకాణ్ణే ఉంటే అదేం తుపాకప్పా? మల్లెపూలు సల్లినట్లుండాది.”

నిజమే గదా! అప్పుడు తన్ను రూలు పెట్టాను. కాల్చిన రాయి వెంటనే ఒక గడి వెనక్కి పోవాలి. వెనక గడి ఖాళీగా లేకపోతే, అక్కడ గోడ ఉన్నా, ఇంకో రాయి ఉన్నా, కాల్చినవాడి భుజం విరిగినట్టు లెక్క. ఆ రాయి ఆట నుంచి బయటికి. ఇది గాలిలోంచి తీసిన రూలు కాదు. నేను మొదటిసారి కాల్చినప్పుడు ఆ తన్నుకి వెనక్కి పోయి తుమ్మచెట్టుకి వీపు కొట్టుకున్నాను. ఆ చెట్టు లేకుండా ఖాళీగా ఉంటే దెబ్బ తగిలేది కాదు గదా అని అప్పటి నుంచీ నా లెక్క.

ఆ రూలుతో ఆట ఎక్కడికో పోయింది! కాల్చాలని చెయ్యి దురద పెడుతుంది, వెనక చూస్తే చోటు ఉండదు. మేము అన్నం తినడం మరిచిపోయి ఆడేవాళ్లం.

ఆ టైములోనే ఆ పిల్ల వచ్చింది. పక్క పల్లె పిల్ల, ఇరవై నాలుగేళ్లుంటాయి. అంతకు ముందు మా కంపెనీవాళ్లదే బండలకు పాలిష్ పట్టే యూనిట్లో పనిచేసేది. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి దగ్గు పట్టుకుంది. పగటి డ్యూటీకి ఆడవాళ్లని కూడా గార్డులుగా తీసుకుంటామని కంపెనీవాళ్లు అంటే, ముందుగా చెయ్యెత్తింది ఆమే. మూడు నెలలు మా దగ్గర నేర్చుకోవాలి, తర్వాత కాల్చే పరీక్ష. పాసైతే తుపాకీ, మ్యాగజైన్ డ్యూటీ. ఫెయిలైతే మళ్లీ పాలిష్ యూనిట్టే.

వచ్చిన మొదటిరోజే నాతో చెప్పింది.

“పెదనాయనా, నేను ఆ దుమ్ములోకి మల్లా పోలేను. ఇంగ రెండేండ్లు ఆణ్ణే ఉంటే మందులు కూడా పని సెయ్యవని కడప డాక్టరు సెప్పినాడు. నువ్వు ఏది సెప్తే అది నేర్సుకుంటా.”

“ఏం బయపడొద్దు పాపా, నేనుండా గదా” అన్నాను. ఆ మాట ఎంత తేలికగా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆట రెండు రోజుల్లో నేర్చుకుంది. మూడో రోజు మా జోడీని ఓడించింది, నాలుగో రోజు నన్ను. ఏ రాయిని జరిపినా ముందు దాని వెనక చోటు చూసుకునేది. “కాల్చేటోనికి ముందర శత్రువు కన్నా ఎనక కాళీనే ముఖ్యం” అని మా మీదే జోకులు. మా జోడీ మొహం మాడ్చుకుని, “ఈ పాప పాలిష్ పట్టేది బండలకా, మనకా?” అనేవాడు.

మా సెక్యూరిటీ అంతటికీ పెద్ద ఒక సుబేదారు సారు. మిలిటరీలో చేసి రిటైరైన మనిషి, కర్నూలు పాతబస్తీ ఆయన. కోపం వస్తే ముందు ఉర్దూ వస్తుంది, తర్వాత తెలుగు. ఆయన వచ్చి ఖాళీ తుపాకీతో ఆ పిల్లకి పాఠం చెప్పారు. తుపాకీ వెనక ఉండే చెక్కని భుజంలోకి లాగి పట్టుకోవాలి, చెంప ఆనించాలి, ముందు కాలు మీద బరువు వెయ్యాలి. ఖాళీ తుపాకీతో అన్నీ సరిగ్గా చేసింది. సారు తల ఊపి వెళ్లిపోయారు.

పరీక్ష రోజు పాత గని గుంటలో నిలబడ్డాం. తుపాకీలో నిజం తూటాలు పడ్డాయి. ఆ పిల్ల గురి పెట్టింది. నేను పక్క నుంచి చూస్తున్నాను. చెక్కకీ భుజానికీ మధ్య రెండు వేళ్ల సందు కనపడింది. నేను నోరు తెరిచేలోపల పేలింది.

అబ్బా! తుపాకీ గాడిద తన్నినట్టు భుజాన్ని తన్నింది. గొట్టం ఆకాశం చూసింది. పిల్ల రెండడుగులు వెనక్కి తూలి, పళ్లు బిగపట్టి మళ్లీ నిలబడింది. రెండోది కూడా కాల్చింది, ఈసారి కళ్లు గట్టిగా మూసుకుని. మళ్లీ అదే సందు, అదే తన్ను. మూడోదానికి చెయ్యి పైకి లేవలేదు. అట్ట మీద ఒక్క చిల్లు కూడా లేదు.

సుబేదారు సారు తుపాకీ తీసుకుని, తూటాలు తియ్యడానికి దాన్ని నడిమికి మడిచారు.

“అరె, నేనేం చెప్పినా? నువ్వేం చేసినావు? తుపాకీని దూరం పట్టుకోమని ఏ తిక్కలోడు చెప్పినాడు నీకు?”

ఆ పిల్ల నా వైపు ఒక్కసారి చూసింది. “ఎవురూ సెప్పలేదు సార్. నాకే తెలీల” అంది. సారు పుస్తకంలో ఫెయిల్ అని రాసుకుని వెళ్లిపోయారు.

కాపలా గదికి వచ్చాక భుజానికి తడిగుడ్డ పెట్టుకుని కూర్చుంది. నేను నెమ్మదిగా అడిగాను.

“యాలా పాపా సందు ఇడిస్తివి?”

“తన్నుకి ఎనక కాళీ ఉండల్ల గదా పెదనాయనా. ల్యాకుంటే భుజం ఇరుగుతాదంటివి గదా ఆటలో. సార్ సెప్పింది గ్యాపకం ఉండాది. గానీ గుండు ఏసినంక బయమేసింది. సార్ ఎప్పుడో మిలిటరీలో కాల్చినాడు, నువ్వు ఇరవై ఏండ్ల నుంచి ఈణ్ణే ఉండావు, నీ లెక్కే నిజమేమో అనుకుంటి.”

నేను సరదాకి సుద్దతో రాసిన రూలు ఆ పిల్ల భుజం మీద నల్లగా కమిలి ఉంది. సోమవారం నుంచి పాలిష్ యూనిట్‌కి రమ్మని ఆర్డరు కూడా వచ్చేసింది.

మా జోడీ మొదటిసారి జోకు వెయ్యకుండా మాట్లాడాడు. “పోయి సెప్పప్పా సార్‌తో. డ్యూటీలో ఆట ఆడినామని ఇద్దర్నీ తీసేస్తే తీసేయనీ.”

మరుసటి రోజు పొద్దున్నే సుబేదారు సారు ఆఫీసు ముందు నిలబడ్డాను. అంతా చెప్పేశాను. గవ్వలు, గడులు, తన్ను రూలు, అన్నీ. ఆయన మొహం ఎర్రగా అయ్యింది.

“డ్యూటీలో జూదం ఆడతారా మీరు?”

“జూదం కాదు సార్, పైసలు లేవు. ఉత్త రాళ్లే.”

“చూపించు పా.”

బండి మీద నన్ను ఎక్కించుకుని కాపలా గదికి వచ్చారు. గీతలు చెరిపేస్తారనుకుని నేను తడిగుడ్డ కూడా తీసి పెట్టాను. ఆయన కుర్చీ లాక్కుని బండ ముందు కూర్చున్నారు.

“రూలు చెప్పు.”

చెప్పాను. ఆడారు. మా జోడీ చేతిలో ఓడిపోయారు! ఇంకో ఆట వెయ్యమన్నారు. అందులో ఆయన కాల్చిన రాయి వెనక ఇంకో రాయి ఉందని, భుజం విరిగిందని మా జోడీ దాన్ని తీసి పక్కన పెట్టాడు. అంతే, సారు బండ మీద గుద్దారు. గవ్వలు ఎగిరాయి.

“గలత్! పూరా గలత్! అంతా తప్పు! వెనక ఆసరా ఉన్నోడు ఎందుకు చస్తాడు? సందు ఉన్నోనికే గదా దెబ్బ! సందు ఇస్తే తుపాకీకి పరుగెత్తేదానికి జాగా ఇచ్చినట్టు. పరుగెత్తి వచ్చి తంతాది. సందే లేకుంటే తన్నదు, నెడతాది. నువ్వూ తుపాకీ ఒకటే బరువు అయిపోతారు. ఏం మియా, ఇరవై రెండేళ్లు ఏం కాల్చినావు నువ్వు?”

నేను తల వంచుకున్నాను. ఆ పిల్ల మాత్రం బండ వైపే చూస్తోంది. తర్వాత చెయ్యి చాపి రెండు నల్లరాళ్లని ఒకదాని వెనక ఒకటి ఆనించి పెట్టింది.

“అట్లయితే సార్, ఎనక ఆసరా ఉండే రాయి కాల్చినా కదలకూడదు. మల్లా వంతుకే కాల్చొచ్చు. ఎనక కాళీ ఉండే రాయి ఒక గడి ఎనిక్కి పోయి, మల్లా ముందరికి వచ్చినంకనే కాల్చల్ల. రెండో దెబ్బకి ఆలీసం అయితాది గదా?”

సారు ఆ రాళ్లని చూశారు, ఆ పిల్లని చూశారు. లేస్తూ లేస్తూ అన్నారు.

“రెండు వారాలు టైము. మళ్లీ పరీక్ష. ఈ ముసలోడు చెడగొట్టినాడు, ఈ ముసలోడే బాగు చెయ్యాల. పరీక్ష ఇతనికి కూడా పెడతా.”

ఆయన పోయాక మా జోడీ గవ్వలు ఏరుకుంటూ, “సుబేదారు సార్‌ని ఓడిచ్చినాను, మా ఇంట్లో ఎవురూ నమ్మరు” అన్నాడు. ముగ్గురం నవ్వాం.

పిల్లలూ, ఇక్కడ పని సంగతి ఒకటి చెప్పాలి. తన్ను కంటే చెడ్డది తన్ను వస్తుందని ముందే భయపడడం. భయంతో తూటా పేలకముందే మనిషి కదులుతాడు. అది బయటపడాలంటే ఒక పద్ధతి ఉంది. సారే చెప్పారు. కాల్చేవాళ్లకి కనపడకుండా ఇంకొకరు తుపాకీ నింపాలి. ఒకసారి మంచి తూటా, ఒకసారి పేలిపోయిన ఖాళీ తూటా. ఏది ఉందో కాల్చేవాళ్లకి తెలియకూడదు.

కొన్ని తూటాలు ఇచ్చి, సారు రోజూ పాత గుంట దగ్గర నిలబడేవారు. మొదటి రోజు నేను తుపాకీ నింపి పాపకి ఇచ్చాను. మొదటిది మంచిది, పేలింది. చెక్క ఈసారి భుజంలోనే ఉంది, పిల్ల కదల్లేదు. రెండోది ఖాళీది. ‘టక్’ మంది. తుపాకీ పేలలేదు గానీ గొట్టం జానెడు కిందికి వంగింది.

“సూస్తివా పాపా, పేలకనే వంగితివి.”

ఆ పిల్లకి రోషం వచ్చింది. “నువ్వు కాల్చు పెదనాయనా. నేను నింపుతా.”

నేను ఠీవిగా నిలబడ్డాను. గురి పెట్టాను, నొక్కాను. ‘టక్’. ఆ పాపిష్టి పిల్ల ఖాళీది పెట్టింది! నేను ఏం చేశానో తెలుసా? కళ్లు మూసుకున్నాను, మొహం పక్కకి తిప్పాను, మోకాళ్లు వంచాను. టోపీ ఎగిరి కింద పడింది. పేలని తుపాకీకి!

మా జోడీ నేల మీద పడి నవ్వాడు. “ఇరవై రెండేండ్లు ఈయప్పని సూసి దొంగలు రాలేదనుకుంటి. నగుకుంట పోయింటారు!”

పిల్ల మాత్రం నవ్వలేదు. కళ్లు పెద్దవి చేసుకుని అడిగింది. “నువ్వు గూడా కండ్లు మూస్తావా పెదనాయనా?”

అప్పుడు తెలిసింది. ఇన్నేళ్లూ నేను కళ్లు మూసుకునే కాల్చాను. గుండ్లు చల్లినట్టు పోతాయి గదా, ఏవో కొన్ని అట్టకి తగిలేవి. దాన్నే పాస్ అన్నారు, నేనూ అదే అనుకున్నాను.

ఆ రోజు నుంచి ఇద్దరం ఒకరికొకరం నింపి ఇచ్చుకున్నాం. ఒకరి గొట్టం ఒకరు చూసుకున్నాం. “వంగింది పెదనాయనా.” “నీది గూడా వంగింది పాపా.” “ఈ తూరి రొంత తక్కువ.” తూటాలు అయిపోయాక ఖాళీ తుపాకీతో, గొట్టం మీద గవ్వ పెట్టి నొక్కేవాళ్లం. గవ్వ పడకపోతే గెలిచినట్టు. ఆ పదిహేను రోజులు నాకు చిన్నప్పటి బడి సెలవుల్లాగా గడిచాయి. డ్యూటీ ఎప్పుడు అయిపోతుందా అని కాదు, ఎప్పుడు మొదలవుతుందా అని చూసేవాణ్ణి.

రెండో పరీక్ష రోజు వచ్చింది. ఈసారి సారు పెద్ద అట్ట మీద బొగ్గుతో అయిదు గుండ్రాలు గీశారు, ఒక్కో దెబ్బకి ఒకటి. ఒక్కోటి తట్ట మూతంత ఉంటుంది. గుండ్లు దాని లోపల పడితేనే లెక్క. అయిదు దెబ్బల్లో మూడు లెక్కకి రావాలి. ముందు ఆ పిల్ల.

ఆమె గీత దగ్గర నిలబడింది. ముందు కాలు జరుపుకుంది. నాకు ఆత్రం ఆగలేదు. ఆ ఆత్రంలో నేనేం చేశానంటే, నాలుగు అడుగులు వేసి సరిగ్గా ఆమె వెనక పోయి నిలబడ్డాను. వీపుకి చెయ్యి ఆనించబోయాను. వెనక ఆసరా ఉన్న రాయి కదలదు గదా!

ఆమె తుపాకీ దించి, నేల వైపు పెట్టి, వెనక్కి తిరక్కుండానే అంది.

“పక్కకి పో పెదనాయనా. ఇది బండ కాదు. నా ఎనక ఎవురూ వద్దు.”

సారు మీసం కింద నవ్వు దాచుకున్నారు. నేను గబగబా పక్కకి వచ్చేశాను.

చెక్క భుజంలోకి పోయింది. చెంప ఆనింది. ముందు మోకాలు కొంచెం వంగింది. ఢాం! మనిషి మొత్తం ఒక్కసారి ఊగి, మళ్లీ ఉన్నచోటికే వచ్చింది, గాలికి జొన్నకంకి ఊగినట్టు. గొట్టం లేచి, లేచినట్టే దిగి, మళ్లీ అట్టనే చూస్తోంది. వెంటనే రెండోది. ఢాం! మడిచింది, నింపింది. మూడు. నాలుగు. అయిదోదానికి తూటా చేతిలోంచి జారింది. తొందరపడలేదు. తీసుకుని, మట్టి తుడిచి, పెట్టి, కాల్చింది.

అందరం అట్ట దగ్గరికి పరుగెత్తాం. సారు ఒక్కో గుండ్రంలో చిల్లులు చూసి వేలితో లెక్క పెట్టారు. మా జోడీ ఆగలేక ఆయన భుజం మీద నుంచి తొంగి చూసి అరిచాడు. “నాలుగు! అయిదింట్లో నాలుగు లోపలే! సామీ, నాలుగు!”

ఆ పిల్ల నిలబడినచోటే నిలబడి దగ్గింది. దగ్గుతూ నవ్వింది. కళ్లలో నీళ్లు. సారు పుస్తకం తెరిచి రాసి, ఆమెకి చూపించారు. “సోమవారం నుంచి మ్యాగజైన్. యూనిట్‌కి నేను చెప్తా.”

తర్వాత కొత్త అట్ట పెట్టించి నా వైపు తిరిగారు. “ఆవో ఉస్తాద్.”

నేను నిలబడ్డాను. ఆ పిల్లే తూటాలు అందించింది. గురి పెట్టి నొక్కాను. ఈసారి కళ్లు మూయలేదు. గొట్టం చివర నిప్పు కనపడింది! మట్టి గుట్ట మీద దుమ్ము పువ్వులాగా లేచింది. అట్ట అటూ ఇటూ ఊగింది. తుపాకీ నన్ను తన్నలేదు, నెట్టింది, ఎవరో పెద్దాయన భుజం మీద చెయ్యి వేసి నెట్టినట్టు. ఇరవై రెండేళ్లలో నా తుపాకీ పేలడం నేను చూసింది అదే మొదలు. అయిదూ చూసుకుంటూ కాల్చాను.

ఆ పిల్ల అట్ట దగ్గరికి ఉరికింది. లెక్క పెట్టి అక్కడి నుంచే అరిచింది.

“రెండు, పెదనాయనా! రెండే!”

ఫెయిల్. ఉద్యోగంలో మొదటిసారి. సారు పుస్తకంలో రాసుకుంటూ, తల ఎత్తకుండా అన్నారు. “నీ తుపాకీ పాపకి ఇచ్చెయ్. రిటైరయ్యేదాకా నీకు గేటు డ్యూటీ, లాఠీతో.”

“సరే సార్” అన్నాను. నా చెవుల్లో ఇంకా ఆ మోత ఉంది, కళ్లలో ఆ నిప్పు ఉంది. తుపాకీ ఇవ్వబుద్ధి కాలేదు.

“సార్, ఇంకొక్క తూటా ఉంటే ఇయ్యండి సార్.”

ఉద్యోగంలో చేరిన కాణ్ణుంచి నేను నోరు తెరిచి అడిగిన తూటా అదొక్కటే. సారు నన్ను ఎగాదిగా చూసి, జేబులో చెయ్యి పెట్టారు.